వీధి మూయాలా, కుర్చీలు వేయాలా, రంగులు పూయాలా?

కాలనీలో నలుగురూ కలవడానికి ఏదైనా చేద్దామని మీటింగు పెడితే చాలు, మొదట లేచే చెయ్యి బెంచీలే అడుగుతుంది. మా వీధిలోనూ అంతే. చందాలు వేసుకుని రెండు స్టీలు బెంచీలు వేయించాం. బోల్టులు బిగించిన రోజు అందరం చుట్టూ నిలబడి ఫొటోలు కూడా దిగాం. వారం తిరక్కుండానే సంగతి అర్థమైంది. ఒక బెంచీ ముఖం గోడవైపు ఉంది. రెండోది పగలంతా ఎండలోనే, మధ్యాహ్నానికి పెనంలా కాలేది. వాటి మీద అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఎవరో మరిచిపోయిన ఒక సంచి.

బెంచీల్ని తిట్టి లాభం లేదు. మనకేం కావాలో తేలకముందే ఏం కొనాలో తేల్చేసుకున్నాం. అందుకే ఇప్పుడెవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: రేపు వద్దనుకుంటే తీసేయగలిగిన దానితో మొదలుపెట్టండి, సిమెంటు పని చివరికి ఉంచండి. కొన్ని గంటలు వీధి మూయడం, కుర్చీలు, పార్కింగ్ జాగా వాడుకోవడం, కూడలిలో బొమ్మలు, బళ్ల వేగం తగ్గించే మార్పులు, ఖాళీ స్థలం బాగుచేయడం... వీటిలో ఏది ఎలాంటి వీధికి నప్పుతుందో, దేనికి ఎంతమంది మనుషులు కావాలో చూద్దాం.

ముందు ఒక గంట నిలబడండి

ఒక పనిరోజు సాయంత్రం, ఒక సెలవు రోజు పొద్దున, రెండుసార్లు చెరో గంట మీ వీధి మొదట్లో నిలబడండి. బళ్లు లెక్కపెట్టండి. వాటిలో మీ వీధివాళ్లవి ఎన్ని, అడ్డదారి అని దూరి వెళ్లేవి ఎన్ని అన్నది విడిగా రాసుకోండి. ఎవరు బయటికి వస్తున్నారో ఎలాగూ కనిపిస్తుంది. అసలు రానివాళ్లెవరో గమనించండి. చిన్నపిల్లలా, పెద్దవాళ్లా, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లా, ఈమధ్యే అద్దెకు దిగినవాళ్లా? మీ పని వాళ్లకోసమే.

బళ్ల లెక్క ఎందుకంటే, 1960ల చివర్లో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలా కనిపించే మూడు వీధుల్ని పోల్చి చూశాడు. మొదటి వీధిలో రోజుకు సుమారు 2 వేల బళ్లు, రెండోదానిలో 8 వేలు, మూడోదానిలో 16 వేలు. బళ్లు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు. ఎక్కువున్న వీధిలో ఆ సగటు 0.9, అంటే నిండా ఒక్కరు కూడా లేరు. అక్కడివాళ్లకు వీధి అంటే ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగే ఒక రోడ్డు, అంతే. మీ వీధి మూడో రకం అయితే బెంచీ వేసినా బొమ్మ వేసినా అలంకారమే అవుతుంది. ముందు బళ్ల సంగతి చూడాలి.

కొన్ని గంటలు వీధి మూయడం

నా ఓటు దీనికే, దాదాపు ప్రతి వీధికీ. ఖర్చు దాదాపు లేదు, నచ్చకపోతే మర్నాటికి ఆనవాలు కూడా ఉండదు. పైగా ఇదేమీ కొత్త ఆలోచన కాదు. పిల్లలు ఆడుకోవడానికి వీధుల్ని బళ్లకు మూసే చట్టం బ్రిటన్‌లో 1938లోనే వచ్చింది. తర్వాత కార్లు పెరిగి అందరూ దాన్ని మరిచిపోయారు. 2009లో బ్రిస్టల్‌లో ఇరుగుపొరుగు తల్లులిద్దరు బడి వదిలాక తమ వీధిని కొద్ది గంటలు మూయించి ఆ పద్ధతిని మళ్లీ బతికించారు. అక్కణ్నుంచి అది ఆ దేశంలో ఎన్నో ఊళ్లకు పాకింది. పెద్ద ఎత్తున చూడాలంటే కొలంబియా రాజధాని బొగోటా ఉంది. 1974లో మొదలుపెట్టారు. ఇప్పుడు ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేస్తారు.

మన స్థాయిలో కావలసినవి అనుమతి, రెండు వైపులా బారికేడ్లు, ఒక్కోవైపు ఇద్దరు మనుషులు. ఇద్దరు ఎందుకంటే ఒకరు బారికేడ్ దగ్గరే ఉండాలి, ఇంకొకరు నడవాలి. వీధిలో ఇల్లున్న మనిషి కారులో వస్తే ఆపకూడదు, రానివ్వాలి. కానీ ఆ రెండో మనిషి కారు ముందు నడుస్తూ వెళ్తాడు, చెయ్యి పైకెత్తి, "కారొస్తోంది" అని కేకేస్తూ. పిల్లలు చెరోపక్కకు జరుగుతారు, కారు మనిషి నడకంత వేగంతో అతని వెనకాలే పోతుంది, పార్క్ అవుతుంది. వెనక మళ్లీ బంతి రోడ్డు మీదికి వచ్చేస్తుంది. ఇది ఒకసారి కళ్లారా చూస్తే చాలు, "మా కారు ఎలా వస్తుంది?" అని గొడవపడ్డ పెద్దమనిషి నోరెత్తడు. అంబులెన్సో ఫైరింజనో వస్తే బారికేడ్ క్షణంలో తీసేలా ఉండాలి. కాబట్టి దాన్ని దేనికీ కట్టకండి, బరువులు పెట్టకండి, మధ్యలో టేబుళ్లు అడ్డంగా వేయకండి.

పండగలా ఏడాదికోసారి భారీగా చేద్దామా, నెలకోసారి రెండు గంటలు చేద్దామా అనే చర్చ తప్పకుండా వస్తుంది. నెలకోసారే మేలు. ఏడాదికోసారి అంటే మైకులు, టెంట్లు, చందాలు, అన్నీ ఒకరిద్దరి నెత్తిన పడతాయి. మూడో ఏడాదికి వాళ్లు చేతులెత్తేస్తారు. నెలకోసారి అయితే ఏర్పాట్లే ఉండవు. బారికేడ్ పెట్టడం, తీయడం. మొదటిసారి ఆరుగురు పిల్లలు, వాళ్లను చూస్తూ నలుగురు పెద్దలు వస్తే బాగా జరిగినట్టే లెక్క. జనం రాలేదని టెన్షన్ పడి రెండోసారి డీజే పెట్టించొద్దు. ఆ దెబ్బతో వచ్చే నలుగురు పెద్దలు కూడా లోపలికి పోతారు.

ముందు ప్రతి ఇంటికీ ఒక కాగితం వెళ్లాలి: ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరికి ఫోన్ చేయాలి. గ్రూపులో మెసేజ్ పెట్టాం కదా అనుకోవద్దు. గ్రూపులో లేనివాళ్లే రేపు బారికేడ్ దగ్గర హారన్ కొడతారు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి తలుపు మాత్రం మీరే స్వయంగా తట్టండి, అదీ ఆయన లేచాక.

కూర్చునే చోటు: బెంచీయా, కుర్చీయా, అరుగా?

న్యూయార్క్‌లో పెద్ద భవనాల ముందుండే బహిరంగ ఆవరణల్లో జనం ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ కూర్చోరు అని 1970లలో కెమెరాలు పెట్టి ఏళ్ల తరబడి గమనించిన మనిషి విలియం వైట్. ఆయన తేల్చింది వింటే ఇంత మాత్రానికి పరిశోధన ఎందుకు అనిపిస్తుంది: కూర్చునే చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు. కానీ కోట్లు పోసి కట్టిన ఎన్నో ఆవరణల్లో లేనిది అదే.

ఆయన చూసిన వాటిలో నాకు బాగా నచ్చింది కుర్చీ సంగతి. కదిలే కుర్చీ కనబడితే మనిషి తిన్నగా కూర్చోడు. దాన్ని పట్టుకుని కాస్త ఇటు జరుపుతాడు, కాస్త అటు, ఒక్కోసారి మళ్లీ మొదట ఉన్నచోటికే తెచ్చి, అప్పుడు కూర్చుంటాడు. ఎండ మారలేదు, నీడ మారలేదు. కానీ ఆ బెత్తెడు జరపడంతో అది తన చోటైపోయింది. పక్కన కొత్త మనిషి ఉంటే ఆ బెత్తెడే "మీ జోలికి రాను లెండి" అని చెప్పే మర్యాద కూడా. బోల్టులేసిన బెంచీ మీద ఈ వెసులుబాటు లేదు. ముగ్గురు కూర్చుంటే మధ్యలో మనిషి మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

మరి దొంగతనం? అందరూ అడిగేది ఇదే. న్యూయార్క్‌లోనే బ్రయంట్ పార్క్ ఒకప్పుడు మత్తుమందులు అమ్మేవాళ్ల అడ్డా. వైట్ సలహాలు తీసుకుని బాగుచేసి 1992లో మళ్లీ తెరిచినప్పుడు అక్కడ వేసినవి కదిలే కుర్చీలే, ఇప్పటికీ అవే ఉన్నాయి. అక్కడ చూసుకునే సిబ్బంది ఉన్నారన్న మాట నిజమే. మన వీధికి అంత హంగు ఉండదు. కాబట్టి ఒకే ప్రశ్న వేసుకోండి: రాత్రి కుర్చీలు లోపల పెట్టి పొద్దున బయట వేసే మనిషి ఉన్నాడా? ఉంటే కుర్చీలు. లేకపోతే బెంచీ.

బెంచీయే అయితే రెండింటిని పక్కపక్కనే వరసగా వేయకండి. ఒకదానికొకటి మూలమట్టంగా వేస్తే మోకాళ్లు తగలవు, ముఖాలు కనబడతాయి, మాట కలుస్తుంది. ఎత్తు 45 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. వీపుకు ఆనుకునే పలక, చేతులకు ఆసరా లేనిదే పెద్దవాళ్లు కూర్చోరు. కూర్చోవడం కంటే లేవడం వాళ్లకు కష్టం, ఆ ఆసరా లేవడానికి. బెంచీ పక్కన చక్రాల కుర్చీ పట్టేంత చదును జాగా వదలండి, ఎదురుగా కాదు, పక్కనే. ముఖం మాత్రం మనుషులు నడిచే వైపు ఉండాలి. మా గోడ బెంచీ సాక్షిగా చెబుతున్నాను.

డబ్బులు బొత్తిగా లేకపోతే ఉన్న గోడల్ని చూడండి. మోకాలెత్తు ప్రహరీ, చెట్టు చుట్టూ కట్టిన గట్టు, మెట్లు, ఇవన్నీ అరుగులే. ఎంతోమంది వాటి మీద కూర్చోకుండా మొనలు పెట్టిస్తారు. మీ వీధిలో ఒక ఇంటివాళ్లను ఒప్పించి ఆ మొనలు తీయించగలిగితే పైసా ఖర్చు లేకుండా బెంచీ వచ్చినట్టే.

పార్కింగ్ జాగాలో చిన్న పందిరి

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజైన్ బృందం పార్కింగ్ మీటరులో డబ్బులు వేసి, కారుకు బదులు గడ్డి పరిచి, ఒక బెంచీ, ఒక చెట్టు పెట్టింది. రెండు గంటల తర్వాత చుట్టేసుకుని వెళ్లిపోయింది. ఆ సరదా ముదిరి, 2010 నుంచి అదే నగరం పార్కింగ్ జాగాల్లో చిన్న కూర్చునే వేదికలకు అధికారికంగా అనుమతులివ్వడం మొదలుపెట్టింది. పార్క్‌లెట్ అంటే అదే.

దుకాణాల వీధికి ఇది బాగుంటుంది. నడిచిపోయేవాళ్లు ఉంటారు, ఎదురు దుకాణంవాళ్లు కన్నేసి ఉంచుతారు. ఇళ్లు మాత్రమే ఉన్న వీధికి నేను సలహా ఇవ్వను. ఒక కారు జాగా పోయిందన్న మంట ఏడాదంతా రగులుతూనే ఉంటుంది, వాడేవాళ్లు తక్కువ. వేసేటట్టయితే వేదిక ఫుట్‌పాత్‌తో సమంగా ఉండాలి. కింద నుంచి వాననీరు పోయే దారి మూసుకుపోకూడదు. ఆకులు, చెత్త తీయడానికి పలకలు ఊడి రావాలి.

కూడలిలో బొమ్మలు

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1996లో ఒక కాలనీవాళ్లు నాలుగు రోడ్లు కలిసే చోట నేల మీద పెద్ద బొమ్మ వేసి, మూలల్లో నోటీసు బోర్డు, పిల్లలకు చిన్న గుడిసె లాంటివి పెట్టుకున్నారు. నగర అధికారులు మొదట కుదరదన్నారు, తర్వాత ఇలాంటి వాటికి అనుమతిస్తూ నిబంధనే తెచ్చారు.

ఇక్కడ ఒక భ్రమ తీసేసుకోవాలి. రంగు ఒక్కటే బళ్లను ఆపుతుందని నమ్ముకోకండి. మొదటి వారం డ్రైవర్లు వింతగా చూసి నెమ్మదిస్తారు, నెలకు అలవాటైపోతుంది. దీని అసలు లాభం రంగు వేసే రోజే ఉంది. మాట్లాడుకోని మనుషులు ఒకే డబ్బాలో బ్రష్షులు ముంచుతూ పక్కపక్కనే గొంతుక్కూర్చుంటారు. రంగు ఏడాదికో రెండేళ్లకో చెరిగిపోతుందని బాధపడేవాళ్లుంటారు, నాకైతే అదే బాగుంది. మళ్లీ వేయడానికి మళ్లీ కలుస్తారు. ఒకటి మాత్రం మరవొద్దు: రంగులో జారకుండా ఉండేందుకు సన్నటి ఇసుకలాంటిది కలపాలి. వానకు తడిసిన నున్నటి పెయింటు మీద రెండు చక్రాల బండి ఎలా జారుతుందో చెప్పనక్కర్లేదు. జీబ్రా గీతలు, ఆగమనే గీతల జోలికి బొమ్మ పోకూడదు.

వేగం తగ్గించే మార్పులు

ఇది కాలనీ సంఘం చేతిలో పని కాదు. నగరపాలక సంస్థ చేయాలి, మీరు వెంటబడాలి. కానీ అడ్డదారి బళ్లతో నలిగే వీధికి దీనికి మించిన మందు లేదు. బ్రిటన్ డ్రైవింగ్ నియమావళి లెక్క చూడండి: గంటకు 32 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి 12 మీటర్లు కావాలి, 48 అయితే 23 మీటర్లు. బంతి వెనక పరిగెత్తే పిల్లకు ఆ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరవాసులు 1960ల చివర్లో ఒక దారి చూపించారు. ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య గట్టు తీసేయడం, దారిని వంకర్లు తిప్పడం, మధ్యలో చెట్లు, బెంచీలు పెట్టడం. డ్రైవరు తాను ఎవరింటి ముంగిట్లోకో వచ్చానని అనుకోవాలి. 1976లో దానికి ఆ దేశంలో చట్టబద్ధత వచ్చింది, అలాంటి వీధిలో బళ్లు మనిషి నడక వేగంతోనే పోవాలన్నారు. పని మొత్తం తవ్వి కట్టాల్సిందే కాబట్టి ఖరీదైనది. బార్సిలోనా ఇంకో పద్ధతి పట్టింది. దాదాపు తొమ్మిది బ్లాకుల్ని ఒక ముద్దగా తీసుకుని, దూసుకుపోయే బళ్లను దాని అంచుల రోడ్ల మీదికి మళ్లించడం. 2016లో పోబ్లెనౌ ప్రాంతంలో తవ్వకుండా రంగులు, పాత టైర్లు, కుండీల్లో చెట్లతోనే మొదలుపెట్టారు. చెప్పాపెట్టకుండా వచ్చిందని అక్కడివాళ్లలో కొందరు గట్టిగానే ఎదురుతిరిగారు. తర్వాత టైర్ల స్థానంలో టేబుళ్లు, ఆటస్థలాలు, చెట్లు వచ్చాయి. ఇందులో మనకు పనికొచ్చే ముక్క: అనుమతి కోసం వెళ్లినప్పుడు శాశ్వతమైనదే కావాలని పట్టుబట్టకండి. "ఆరు నెలలు కుండీలు పెట్టి చూద్దాం" అంటే కాగితం కదులుతుంది.

స్పీడ్ బ్రేకర్ అడిగి ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది వేగం తగ్గిస్తుంది కానీ అడ్డదారి బళ్లను పూర్తిగా ఆపదు. పైగా దాని పక్కింటివాళ్లకు రాత్రంతా చప్పుడు.

ఖాళీ స్థలం ఉంటే

ఆమ్‌స్టర్‌డామ్‌లో 1947 నుంచి ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ నగరంలో ఖాళీగా పడి ఉన్న చిన్న చిన్న స్థలాల్ని పిల్లల ఆటస్థలాలుగా మార్చుకుంటూ పోయాడు. మూడు దశాబ్దాల్లో ఏడు వందలకు పైగా అయ్యాయి. వాటిలో ఉన్నవి ఇసుక గుంత, పల్టీలు కొట్టడానికి నాలుగు కడ్డీలు, దూకడానికి గుండ్రటి రాళ్లు, అంతే. చాలావాటికి కంచె లేదు, పెద్దలు కూర్చోవడానికి బెంచీ ఉంది. ప్లాస్టిక్ జారుడుబల్లల సెట్టు కొనే ముందు ఆ ఫొటోలు ఒకసారి చూడండి.

అయితే స్థలం ఎవరిదో కాగితం మీద తేలనిదే చెయ్యి పెట్టకండి. శుభ్రం చేసి, మొక్కలు నాటి, రెండేళ్లు నీళ్లు పోశాక యజమాని గోడ కట్టేసిన కథలు తక్కువేమీ కాదు. రాతపూర్వకంగా ఎన్నేళ్లకు ఇచ్చారో ఉండాలి. నీళ్లు ఎక్కణ్నుంచి, గేటు తాళం ఎవరి దగ్గర అనే రెండింటికి పేర్లతో సహా జవాబు దొరికితేనే ముందుకెళ్లండి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

మనుషులే లేకపోతే

మీరొక్కరే ఉంటే ఇవేవీ వద్దు. ఇంటి ముందు పుస్తకాల పెట్టె పెట్టండి. 2009లో అమెరికాలోని హడ్సన్ అనే చిన్న ఊళ్లో ఒకాయన తన ఇంటి ముందు గుంజకు అలాంటి పెట్టె బిగించాడు, ఇప్పుడవి ప్రపంచమంతా ఉన్నాయి. పుస్తకాలు తీసుకునేవాళ్లు రెండు నిమిషాలు ఆగుతారు. ఆ ఆగినవాళ్లలోంచే మీకు బారికేడ్ దగ్గర నిలబడే రెండో మనిషి దొరుకుతాడు.

ఒప్పుకోని ఇల్లు

ప్రతి వీధిలోనూ ఒకటుంటుంది. "ఒప్పుకుంటారా?" అని అడిగితే కాదనే అంటారు, అడిగిన తీరే అలా ఉంది మరి. "ఎన్ని గంటలకైతే మీకు ఇబ్బంది ఉండదు?" అని అడగండి. చాలాసార్లు వాళ్ల బాధ చప్పుడో, కారో, ఒకప్పుడు పగిలిన కిటికీ అద్దమో. అది తెలిస్తే బారికేడ్ రెండిళ్లు ఇవతలికి జరిపితే సరిపోతుంది.

రెండు మూడు నెలలు వీధి మూసి చూశాక, బారికేడ్ తీసేసిన తర్వాత పది నిమిషాలు కదలకుండా అక్కడే ఉండండి. పిల్లలు లోపలికి పోతారు, కుర్చీలు మడుస్తారు, ఒకచోట మాత్రం ముగ్గురో నలుగురో ఇంకా నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటారు. ఏదో చెట్టు నీడో, ఎవరి గేటు మూలో. శాశ్వతంగా బెంచీ వేయాల్సింది అక్కడ. మేము అలాగే ఎండలో ఉన్న బెంచీని ఊడదీసి అక్కడికి మార్చాం. గోడవైపు బెంచీ బోల్టులు తుప్పుపట్టి ఊడి రాలేదు. అది ఇప్పటికీ గోడనే చూస్తోంది.